ముందట అవ్వ, ఎనుక మనవడు

రాయికోడ్ నుంచి జహీరాబాద్‌కు పొద్దున వచ్చే ఎర్రబస్సులో నేను వరసగా పద్దెనిమిది రోజులు టికెట్ లేకుండా ప్రయాణం చేశాను. మంచు కొండలు ఎక్కినవాళ్ళు నాకన్నా ఎక్కువ కష్టపడి ఉండవచ్చు. కాని వాళ్ళను ప్రతి పది అడుగులకూ ఒక కండక్టర్ ఆపి ‘టికెట్’ అని అడగలేదు కదా.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. డెబ్బైలు ముగిసి ఎనభైలు మొదలవుతున్న కాలం. మా ఊరు ఝరాసంగం దాటాక రాయికోడ్ వైపు ఉంటుంది. జహీరాబాద్ బజారులో ఒక బట్టల దుకాణంలో పనిచేసేవాణ్ణి. నీళ్ళ చెంబు కనపడితే చాలు రంగు వదిలేసే చీరను రెండు చేతులా ఎత్తి పట్టుకుని, “మీ మనవరాలి పెళ్ళికి గూడ ఇదే కట్టుకోవచ్చు పెద్దమ్మా” అని కళ్ళార్పకుండా చెప్పగలిగేవాణ్ణి. అటువంటి నోరు జిల్లా మొత్తం మీద నాకొక్కడికే ఉందని మా సేటు అనేవాడు. ఆయన అది పొగడ్తగా అన్నాడో కాదో నేను ఎన్నడూ విచారించలేదు.

ఆ నోటితోనే ఒక మధ్యాహ్నం పందెం కాశాను. దుకాణంలో నాతో పనిచేసే ముగ్గురూ, నేనూ చాయ్ తాగుతున్నాం. నెల రోజులు టికెట్ కొనకుండా ఊరి నుంచి దుకాణానికి వస్తానన్నాను. ఓడినవాళ్ళు ఏడాది పొడుగునా గెలిచినవాణ్ణి ‘ఉస్తాద్’ అని పిలవాలి, అదీ సేటు ముందర. పైసలు మిగులుతాయన్న ఆశ నాకు లేదు. ఉస్తాద్ అనే మాట కోసం నేను ఆ వయసులో నడుస్తున్న రైలు కిందైనా దూరేవాణ్ణి.

బస్సు గురించి కొంచెం చెప్పాలి. దాన్ని తయారుచేసినవాళ్ళు యాభై మంది కూర్చుంటారని అనుకున్నారు. వాళ్ళు మా దారిలోకి ఎప్పుడూ రాలేదు. పొద్దున పూట అందులో మూడు ఊళ్ళ జనాభా, వాళ్ళ కంది సంచులు, అల్లం గంపలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, ఒక్కోసారి విప్పి తెచ్చిన బండి చక్రం ఉండేవి. మా ఊళ్ళో ఎక్కినప్పుడు ఒక కాలు పెట్టడానికి చోటు దొరికితే రెండో కాలికి జహీరాబాద్‌లోనే దొరికేది.

కండక్టర్‌కు నలభై ఏళ్ళుంటాయి. సన్నగా, పొడుగ్గా, ఆ జనంలో అటూ ఇటూ పోయి పోయి సాగిపోయినట్టుండేవాడు. ఎప్పుడూ ఫుట్‌బోర్డు మీద ఒకే వైపు నిలబడడం వల్ల ఆయన మీసం కూడా గాలికి ఒకే వైపు పెరిగింది. మెడలో విజిల్, చంకలో తోలు సంచి, ఒక చేతిలో రంగురంగుల టికెట్ల కట్టలు పేర్చిన రేకు ట్రే, రెండో చేతిలో టికెట్‌కు చిల్లు కొట్టే పంచ్. ఆ పంచ్‌ను ట్రే అంచు మీద టక్ టక్‌మని కొడుతూ రోజూ ఒకే మాట చెప్పేవాడు.

“నా మీద రెండు కేసులున్నయ్ రా అయ్యా. మూడోది వడ్డదంటే నన్ను ఇంటికి పంపిస్తరు. ఒక్కని జీతం మీద ఆరుగురం తింటున్నం. జర టికెట్ తీస్కొని నన్ను బతకనియ్యుండ్రి.”

“రెండు కేసులు మాకెందుకు సాబ్, రెండు సీట్లు జూడు,” అని ఎవరో ఒకరు అనేవారు. బస్సంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. మూడో కేసు ఎవరి వల్ల పడబోతోందో నాకు తెలుసు గనక, కొంచెం తక్కువగా నవ్వానని ఇప్పుడు చెప్పుకోవచ్చు. నిజానికి మామూలుగానే నవ్వాను.

ఆ కేసుల సంగతి కూడా అందరికీ తెలిసిందే. దారిలో చెకింగ్‌వాళ్ళు బస్సు ఆపి టికెట్ లేని మనిషిని పట్టుకుంటే మొదట అడిగేది ఒకటే: కండక్టర్‌కు పైసలు ఇచ్చావా, లేదా? ఇవ్వలేదంటే తప్పు ఆ మనిషిది. జరిమానా కట్టి పోతాడు. ఇచ్చాను గాని టికెట్ కొట్టలేదు అంటే తప్పు కండక్టర్‌ది, పైసలు మింగినట్టు లెక్క. అప్పుడు ఆ మనిషికి జరిమానా ఉండదు. ఆ వెసులుబాటును వాడుకున్న ఇద్దరు పెద్దమనుషుల వల్లే మా కండక్టర్ మీద రెండు కేసులు పడ్డాయి.

ఇక నా పద్ధతి. పెద్ద తెలివేం కాదు, మా వైపు ఆచారమే నాకు టికెట్ అయింది. బస్సులో ఆడవాళ్ళు ముందర, మగవాళ్ళు వెనక. ఒక ఇంటివాళ్ళు అయిదుగురు ఎక్కితే టికెట్లన్నీ ఒక్కరే కొంటారు, ఆ ఒక్కరి దగ్గరే ఉంటాయి. కండక్టర్ వెనక అడిగితే “ముందట తీస్కున్నరు” అంటారు. ముందర అడిగితే “ఎనుక మావోళ్ళు తీస్కున్నరు” అంటారు. మధ్యలో మూడు ఊళ్ళ జనం. ఆ మాట నిజమో కాదో చూసి రావాలంటే ఒక పూట పడుతుంది.

“ముందట ఎవరు తీస్కున్నరు?” అని కండక్టర్ అడిగేవాడు.

“మా అవ్వ.”

మా ప్రాంతంలో అరవై దాటిన ప్రతి ఆడమనిషీ అవ్వే. కండక్టర్ మెడ చాచి, “అవ్వా, ఎనుక పిలగానికి టికెట్ తీస్కున్నవా?” అని కేకేసేవాడు. ముందర కనీసం పన్నెండు మంది అవ్వలుండేవారు. వాళ్ళలో సగం మందికి వెనక నిజంగానే పిలగాళ్ళు ఉండేవారు. మిగతా సగం మందికి ఇంజను మోతలో ఏమీ వినపడేది కాదు. అందరూ తల ఊపేవారు. పన్నెండు తలలు ఊగాక కండక్టర్ మాత్రం ఏం చేస్తాడు?

పద్దెనిమిది రోజులు ఇలా గడిచాయి. మధ్యలో రుచి కోసం కొన్ని వేరే ఉపాయాలు కూడా చేశాను. దుకాణంలో ఉస్తాద్ అని పిలవడం సాధన చేయమని మావాళ్ళకు చెప్పాను.

పంతొమ్మిదో రోజు ఝరాసంగం దాటి నాలుగు మైళ్ళు వచ్చాక బస్సు ఆగింది. స్టేజీ లేదు, ఊరు లేదు, చుట్టూ జొన్న చేను. చేను పక్కన ఒక జీపు. కండక్టర్ పంచ్ కొట్టడం మానేశాడు. ఆ టక్ టక్ ఆగేసరికి బస్సులో అందరికీ విషయం తెలిసిపోయింది.

ముందు తలుపు నుంచి చెకింగ్ సారు ఎక్కాడు. వెనక తలుపు దగ్గర ఇంకొకాయన అడ్డంగా నిలబడ్డాడు. సారుది కోస్తా వైపు మాట, బట్టలు ఎంత తెల్లగా ఉన్నాయంటే మా దుకాణంలో అంత తెల్లటి తాను ఎన్నడూ లేదు. ఆడవాళ్ళ టికెట్లు చూస్తూ చూస్తూ ఒక ముసలామె దగ్గర ఆగాడు.

“టిక్కెట్టు చూపించమ్మా.”

“ఎనుక మా మనవడు తీస్కుండు సారూ,” అంది ఆమె. ఒళ్ళో అల్లం గంప, నోట్లో వక్క, మొహంలో ఎక్కడా తొణుకు లేదు. కర్ణాటక హద్దు అవతల పుట్టినామె అని మాట సాగదీతలోనే తెలుస్తోంది.

సారు జనాన్ని చీల్చుకుంటూ వెనక్కి వచ్చాడు. నేను కిటికీలోంచి జొన్న చేనును, జొన్నలు మొదటిసారి చూసిన మనిషిలాగా చూస్తున్నాను.

“ఏమయ్యా, నీ టిక్కెట్టు?”

“ముందట మా అవ్వ తీస్కుంది సార్.”

కండక్టర్ మొహం వెలిగిపోయింది. “గదే సార్, ముందట అవ్వ ఉన్నది, ఎనుక మనవడు ఉన్నడు. ఇద్దరు ఒక్కటే ఇల్లు. జోడు దొరికింది.”

సారుకు ఆ లెక్క నచ్చలేదు. నన్ను ముందుకు నడిపించాడు. అక్కడ నేను మా అవ్వను జీవితంలో మొదటిసారి చూశాను. ఆమె కూడా నన్ను కింది నుంచి పైదాకా చూసింది. సంతలో కోడెను చూసే చూపు అది. కొనే ఉద్దేశం ఉన్నట్టు లేదు.

“ఈమె మీ అవ్వేనా?”

“అవును సార్.”

“వీడు మీ మనవడేనా అమ్మా?”

“నా పెద్దబిడ్డ కొడుకు,” అంది ఆమె ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా. “చిన్నప్పుడు నా దగ్గర్నే పెరిగిండు. కడుపుల నొప్పని ఒక్కటే ఏడుస్తుండె.”

అంత ప్రేమ నాకు మా ఇంట్లో కూడా దొరకలేదు. నేను తల ఊపాను.

“మంచిది. టిక్కెట్లు?”

ఆమె నా వైపు చెయ్యి చూపింది. నేను ఆమె వైపు చూపాను. రెండు చేతులూ గాల్లో అలాగే ఉండిపోయాయి. చివరికి ఇంజను పక్కన కూర్చున్న ఒక పెద్దాయన, “మనవడు అవ్వను ఇయ్యాల్నే చూస్తున్నట్టుండు గదరా,” అన్నాడు. అంతే, మూడు ఊళ్ళ జనమూ ఒకేసారి నవ్వారు. బస్సు స్ప్రింగులు రెండంగుళాలు దిగాయంటే నమ్మండి.

నవ్వనివాడు కండక్టర్ ఒక్కడే. ఆయన ట్రేను రెండు చేతులతో గుండెకు ఆనించి పట్టుకున్నాడు.

ముగ్గురినీ కిందికి దింపారు. సారు జీపు బానెట్ మీద కాగితం పెట్టి, పెన్ను టోపీ తీసి, ముందు నన్ను అడిగాడు. “ఉన్నది ఉన్నట్టు చెప్పు. కండక్టర్‌కు డబ్బులు ఇచ్చావా, ఇవ్వలేదా? ఇవ్వకపోతే జరిమానా కట్టాలి.”

బస్సు కిటికీల నిండా తలలు. అందులో మా ఊరివాళ్ళు, మా దుకాణానికి వచ్చేవాళ్ళు, మా పెద్దనాయనతో కలిసి వ్యవసాయం చేసేవాళ్ళు ఉన్నారు. ఇవ్వలేదంటే ఈ సాయంత్రానికి నా పేరు కోహీర్ దాకా పాకుతుంది. ఇచ్చానంటే నేను మోసపోయిన అమాయకుణ్ణి. చీర రంగు పోదని చెప్పే నోరు తనంతట తానే తెరుచుకుంది.

“ఇచ్చిన సార్,” అన్నాను.

సారు రాయమన్నాడు. రాశాను, సంతకం పెట్టాను. నా చేతిరాత అంత బాగుండడం నేను అంతకుముందు చూడలేదు.

కండక్టర్ నన్ను తిట్టలేదు. నా కాలరు పట్టుకోలేదు. “మూడోది,” అని ఒక్క మాట అన్నాడు. అదీ నాతో కాదు, ట్రేతో.

సారు అవ్వ వైపు తిరిగాడు. “నువ్వూ ఇచ్చావా అమ్మా? ఇచ్చానంటే వేలిముద్ర వేసి ఎక్కేయ్.”

“నేనియ్యలే,” అంది ఆమె.

“ఇవ్వలేదా?”

“ఎందుకిస్త సారూ, ఇయ్యకుంట పోయే ఉపాయం ఉంటే? ఈయన అడిగిండు. రెండుసార్లు అడిగిండు. ఎనుక తీస్కున్నరని అబద్ధం చెప్పిన. తప్పు నాది. జరిమానా ఎంతనో చెప్పు.”

ఇంత చెప్పి ఆమె ఊరుకుని ఉంటే నేను బస్సెక్కి పోయి, ఈపాటికి పెద్దమనిషిగా చలామణీ అయ్యేవాణ్ణి. ఆమె ఊరుకోలేదు. అల్లం గంప దించింది. రోడ్డు మధ్యకు నడిచి, బస్సుకు సరిగ్గా ఎదురుగా, కొంగు సర్దుకుని కూర్చుంది.

“పిలగా, గిట్ల రా. నువ్వు పైసలిచ్చినవా?”

నేను సారు వైపు చూశాను. సారు కాగితం మడుస్తున్నాడు.

“నన్ను చూడు, ఆయన్ను గాదు. ఎక్కడ ఇచ్చినవ్? నోటిచ్చినవా, చిల్లరనా? ఏ చేత్తోని ఇచ్చినవ్?”

“అవ్వా, బస్సుకు ఆలస్యం ఐతున్నది,” అన్నాను.

“కానియ్యి. బస్సుల అబద్ధం నేను గూడ ఆడిన. బస్సు అబద్ధం బస్సు దిగంగనే ఐపోతది. నువ్వు కాగితం మీద ఆడినవ్. అది ఆరుగురి కూడు తింటది. నువ్వు దాన్ని సాఫ్ చేసేదాక నేను లేవ.”

డ్రైవర్ హారన్ కొట్టాడు. ఆమె ఆ మోతకు తలకాయ కూడా తిప్పలేదు. సారు వచ్చి చట్టం చెప్పాడు. ఆమె వక్క నమిలింది. కిటికీల్లోంచి జనం మొదట ఆమెను కేకలేశారు, దవాఖానకు పోవాలన్నారు, కచేరీకి పోవాలన్నారు. కొంతసేపటికి కేకలు దారి మళ్ళాయి.

“ఓ బట్టల దుకాణం, నీకు జరంత గూడ సిగ్గు లేదా?”

“పెద్దమనిషి ఎండల కూసున్నది. నువ్వు నీడకు నిలబడ్డవ్.”

నేను నిజంగానే జీపు నీడలో నిలబడి ఉన్నాను. అక్కణ్ణుంచి కదిలి ఎండలోకి వచ్చాను. కండక్టర్ ఎవరివైపూ చూడకుండా టికెట్ల కట్టలను రంగుల వరసలో సర్దుకుంటున్నాడు. ఆ ట్రేను సాయంత్రం ఎవరికో అప్పజెప్పేటప్పుడు చెదిరి ఉండకూడదని సర్దుతున్నట్టు అనిపించింది నాకు. పద్దెనిమిది రోజుల్లో ఆయన నాతో ఒక్క పరుషమైన మాట అనలేదని కూడా అప్పుడే గుర్తొచ్చింది. గుర్తుకు రావడానికి భలే సమయం చూసుకుంది.

“సార్, ఆ కాగితం ఇయ్యుండ్రి,” అన్నాను.

“రాసింది రాసినట్టే ఉంటుంది. కొట్టివేయడానికి వీల్లేదు.”

“కొట్టెయ్య. కింద రాస్త.”

కింద రాశాను. పైన రాసింది అబద్ధమనీ, కండక్టర్ అడిగాడనీ, నేను పైసలు ఇవ్వకుండా అవ్వ తీసుకుందని చెప్పాననీ, ఆమె మా అవ్వ కాదనీ రాశాను. ఈసారి అక్షరాలు కోడి కెలికినట్టు వచ్చాయి. జేబులో ఉన్నదంతా ఊడ్చి జరిమానా కట్టాను. అవ్వ లేచి, నడుముకు దోపుకున్న వక్కల సంచి విప్పింది. అందులోంచి బయటపడిన నోట్లతో ఆ బస్సును, జీపును, అవసరమైతే సారును కూడా కొనవచ్చు. జరిమానా పారేసి గంప ఎత్తుకుంది.

నేను గండం గడిచిందనుకున్నాను. సారు కాగితం సంచిలో పెట్టుకుంటూ కండక్టర్‌తో అన్నాడు: “ఒకే కాగితం మీద రెండు మాటలున్నాయి. ఏది నిజమో డిపోలో విచారణలో తేలుతుంది. అందాకా నువ్వు డ్యూటీలోకి రాకు.”

విచారణ తారీఖు వచ్చేదాకా ఇంకొక కండక్టర్ ఆ దారిలో తిరిగాడు. లావుపాటి మనిషి, ఆయన ఒక్కడే ముగ్గురి చోటు తీసుకునేవాడు. నేను ఆయన దగ్గర రోజూ టికెట్ కొన్నాను. దుకాణంలో పందెం ఓడిపోయానని చెబితే మావాళ్ళు సంతోషంతో చాయ్ కూడా తాగలేకపోయారు. వాళ్ళు నన్ను పిలిచిన పేర్లు ఇక్కడ రాయను.

విచారణకు పోవాలని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పకపోతే వదిలేద్దామనే నా ఆలోచన. కాని ఆ వారం ఒక పొద్దున అవ్వ మా దుకాణం మెట్లెక్కింది. నేను అలవాటుగా చీర అందుకోబోయాను.

“చీర గాదు. బుధవారం డిపోకు రావాలె. నేను పొయ్యి తారీఖు అడుక్కొచ్చిన. నువ్వు రాకుంటే గీ మెట్ల మీదనే కూసుంట. నేను కూసుంటే ఎట్లుంటదో నీకు ఎరుకే.”

మా సేటు నన్ను చూసి, ఆమెను చూసి, ఏమీ అడగకుండా సెలవిచ్చాడు.

బుధవారం డిపోకు పోయాను. డిపో పెద్దసారు గది చిన్నది, ఆయన బల్ల పెద్దది. ఆయన కళ్ళద్దాల్లోంచి ఎదుటి మనిషి జేబులో ఏముందో కూడా కనపడేదనుకుంటాను. కండక్టర్ ఒక మూల నిలబడ్డాడు. విజిల్ లేని మెడ ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది. అవ్వ నేల మీద గోడకు ఆనుకుని కూర్చుంది.

పెద్దసారు కాగితం నా ముందుకు తోశాడు. “పైన ‘ఇచ్చాను’ అని ఉంది. కింద ‘ఇవ్వలేదు’ అని ఉంది. రెండూ నీ సంతకాలే. నేను ఏది నమ్మాలి?”

“కిందది సార్.”

“ఎందుకు? కండక్టర్ నీ చేతిలో ఏదన్నా పెట్టి మాట మార్పించాడని నేను ఎందుకు అనుకోగూడదు?”

“నేనున్న గద సారూ,” అంది అవ్వ.

“నీ దగ్గరా టికెట్ లేదు కదా పెద్దమ్మా. నీ మాటకు ఎంత బరువుంటుంది?”

అది నిజమే. ఆ గదిలో ఉన్న ఇద్దరు సాక్షులూ టికెట్ దొంగలే. నా నోరు నాకు ఎన్నడూ అంత పనికిరానిదిగా కనపడలేదు. ఏ మాట చెప్పినా అది చీర అమ్మే గొంతుతోనే వస్తుంది. కండక్టర్ ఆ మూల నుంచి నా కాళ్ళ వైపు చూస్తున్నాడు.

“చెప్పు పిలగా,” అంది అవ్వ. “సిగ్గు దాసుకోకు. నువ్వు సిగ్గు దాసుకుంటే ఆ మనిషి కొలువు పోతది.”

అప్పుడు ఒక సంగతి తట్టింది. నేను మంచివాణ్ణని చెబితే పెద్దసారు నమ్మడు. నేను ఎంత పనికిమాలినవాణ్ణో ఒక్కటీ దాచకుండా చెబితే నమ్మక చస్తాడా? కుర్చీ లేకపోయినా కూర్చున్నంత స్థిరంగా నిలబడి, పందెం దగ్గర మొదలుపెట్టాను. ఒక్కో రోజూ చెప్పాను. మూడో రోజు మూగవాణ్ణయ్యాను. ఆరో రోజు ఎవరిదో పసిబిడ్డను ఎత్తుకుని, ఏడిపించి, కండక్టర్ జాలిపడి వెళ్ళిపోయేలా చేశాను. తొమ్మిదో రోజు ప్రతి స్టేజీలోనూ వెనక తలుపులో దిగి ముందు తలుపులో ఎక్కాను, ఆ పూట బస్సుకన్నా నేనే ఎక్కువ దూరం ప్రయాణం చేసి ఉంటాను. పెద్దసారు మొదట రాసుకున్నాడు. తరవాత పెన్ను పక్కన పెట్టాడు. తలుపు దగ్గర గుమాస్తాలు పోగయ్యారు.

“పన్నెండో రోజు బస్సు ఎనుక పత్తి మూటలు ఏసిన్రు సార్,” అన్నాను. “నేను ఒక బస్తాల కాళ్ళు వెట్టి, మెడదాక గుంజుకొని, నెత్తి మీద దుప్పటి కప్పుకొని రెండు మూటల నడుమ కూసున్న. కండక్టర్ సాబ్ వచ్చి నా నెత్తి మీద ట్రే వెట్టి టికెట్లు కొట్టిండు. పంచ్ కొట్టిన కాగితం చుక్కలు నా ముక్కుల వడ్డయి. తుమ్మొచ్చింది. ఆపుకున్న.”

ఆ తుమ్ము ఇప్పటిదాకా బయటికి రాలేదు. అది వేరే విషయం.

మూలన కండక్టర్ తల ఎత్తాడు. వచ్చిన దగ్గర్నుంచి ఆయన తల ఎత్తడం అదే మొదలు.

పద్దెనిమిదో రోజు దాకా చెప్పి ఆగాను. పెద్దసారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“లంచం తీసుకున్నవాడు తనను తాను ఇంత గాడిదను చేసుకోడు,” అన్నాడు చివరికి. “నువ్వు కింద రాసిందే నిజం.” కండక్టర్‌కు హెచ్చరిక రాసి, రేపటి నుంచి డ్యూటీ అన్నాడు. నన్ను పద్దెనిమిది రోజుల ఛార్జీ కట్టమన్నాడు. అవ్వను లేవమన్నాడు. ఆమె లేచింది. ఆమె ఒకరు లేవమంటే లేవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

బయట షెడ్డు కింద కండక్టర్ నా కోసం ఆగాడు. నాకు దండం పెడతాడేమో, వద్దని ఎలా వారించాలా అని ఆలోచిస్తూ దగ్గరికి పోయాను.

“పదిహేడు రోజులు నాకు ఎరుకే,” అన్నాడు.

“ఏంది?”

“నీకు ముందట అవ్వ లేదని ఎరుకే. గంత మందిల నిన్ను గల్ల వట్టి దింపుదామంటే బస్సు అర్ధగంట ఆగుతది. మళ్ళ లేటెందుకైందని నాకే మెమో ఇస్తరు. గందుకే ఊకున్న.”

“మరి లోపట చెప్పలేదేంది సాబ్?”

“చెప్తే నా కొలువు పోదా?” అన్నాడు. అవ్వ వక్క తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని నోట్లో వేసుకోకుండా అలాగే పట్టుకుని నా తలను చూస్తున్నాడు. “ఆ పత్తి మూటల దినం మాత్రం సమజ్ కాలే. ఆ దినం నువ్వు బస్సుల లేవనుకున్న. సెలవు వెట్టిండు, ఇయ్యాల జర సుఖపడ్డ అనుకున్న. నిజంగనే నెత్తి మీద వెట్టిననా?”

“నిజం.”

“ఎంతసేపు?”

“ఝరాసంగం కాడ వెట్టిన్రు. జహీరాబాద్ పొలిమేరకు వచ్చినంక తీసిన్రు.”

“మెత్తగనే ఉండె,” అన్నాడు ఆయన, తనలో తనే. నన్ను గొంతుక్కూర్చోమన్నాడు. డిపో మధ్యలో, పదిమంది డ్రైవర్ల ముందు, కూర్చున్నాను. ఖాళీ చెయ్యి నా తల మీద పెట్టి ఎత్తు చూసుకున్నాడు. అటు పక్క నుంచీ ఇటు పక్క నుంచీ చూశాడు. బస్తా మూతి ఏ వైపు ఉందో అడిగాడు. అన్నీ చెప్పాను.

మర్నాడు పొద్దున మా ఊరి స్టేజీలో బస్సు ఆగింది. సరిపోయే చిల్లర పిడికిట్లో పట్టుకుని అందరికన్నా ముందు ఎక్కాను. ఆయన నా దగ్గరికి రాలేదు. నేరుగా బస్సు వెనక్కి పోయి, అక్కడున్న మూటలన్నిటినీ పంచ్‌తో ఒక్కొక్కటిగా పొడిచి చూశాడు. మూడో మూటలోంచి కోడి అరిచింది. దానికి లగేజీ టికెట్ కొట్టి, ఆ తరవాతే విజిల్ వేశాడు.